ఎండ్రిక్‌కు వరల్డ్ కప్‌లో దక్కేది ఎన్ని నిమిషాలు?

2026 వరల్డ్ కప్ ఫైనల్ జూలై 19న. బ్రెజిల్ స్ట్రైకర్ ఎండ్రిక్‌కు ఇరవై ఏళ్లు నిండేది జూలై 21న. అంటే బ్రెజిల్ ఆఖరి మ్యాచ్ దాకా వెళ్లినా ఈ కుర్రాడు టోర్నీ మొత్తం పంతొమ్మిదేళ్ల వయసులోనే ఆడతాడు. ఆడనిస్తే. రెండేళ్ల కిందట ఈ అనుమానమే ఎవరికీ లేదు. పదహారేళ్లకే బ్రెజిల్ క్లబ్ పాల్మెయిరాస్ సీనియర్ జట్టుకు ఆడాడు, ఆ ఏడాదే రియల్ మాడ్రిడ్ అతన్ని ఖాయం చేసుకుంది, పదిహేడేళ్లకే బ్రెజిల్ జెర్సీ వేసుకున్నాడు. 1994లో రొనాల్డో తర్వాత ఇంత చిన్నవాడు ఆ జట్టులోకి రాలేదని పాత లెక్కలు తిరగేశారు. ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న వరల్డ్ కప్‌లో ఎన్ని గోల్స్ కొడతాడని. అంతకంటే ముందు తేలాల్సింది ఎన్ని నిమిషాలు దొరుకుతాయన్నది.

కుర్ర స్ట్రైకర్ల గురించి మాట్లాడేటప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది 1958 పెలె. పదిహేడేళ్ల వయసు, ఆరు గోల్స్, చేతిలో కప్పు. అయితే మోకాలి గాయం వల్ల ఆ పెలె కూడా మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. ఇంగ్లండ్‌తో 0-0 అయ్యాక, సోవియట్ యూనియన్‌తో మూడో మ్యాచ్‌కు గానీ కోచ్ ఫియోలా అతన్నీ గరించానూ దింపలేదు. 1994లో రొనాల్డోకు అదీ లేదు. అమెరికాలోనే జరిగిన ఆ టోర్నీలో ఒక్క నిమిషం ఆడకుండానే వరల్డ్ చాంపియన్ అయ్యాడు. ముందు రొమారియో, బెబెతో ఉన్నారు, ఇద్దరూ కలిసి ఎనిమిది గోల్స్ కొట్టారు. ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంకో ఫార్వర్డ్ కావాల్సొచ్చినప్పుడు కూడా కోచ్ పరెయిరా పిలిచింది వియోలాను.

2006లో ఇంగ్లండ్ జట్టుతో వెళ్లిన థియో వాల్కాట్ కథ ఇంకా ఘోరం. అప్పటికి అతను ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్ ఎరిక్సన్ తీసుకెళ్లింది నలుగురు స్ట్రైకర్లను. రూనీ పాదం విరిగి అప్పుడే కోలుకుంటున్నాడు, ఓవెన్ స్వీడన్ మ్యాచ్ మొదటి నిమిషంలోనే మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. అయినా వాల్కాట్ బెంచ్ దిగలేదు. చివరికి ఆటలో అరటిపండుగా మిగిలి ఇంటికొచ్చాడు. 2022లో జర్మనీ యూసుఫా మొకోకోను తీసుకెళ్లింది. టోర్నీ మొదలైన రోజే అతనికి పద్దెనిమిది నిండాయి. జపాన్ చేతిలో ఓడిన మ్యాచ్ ఆఖర్లో కాసేపు ఆడించారు, అంతే. అదే బెంచ్ మీద నుంచి లేచొచ్చిన ఫుల్‌క్రుగ్ స్పెయిన్ మీద ఒకటి, కోస్టారికా మీద ఒకటి కొట్టాడు. అతనికప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు.

వీళ్ల పక్కన మైకేల్ ఓవెన్‌ను నిలబెడితే తేడా తెలుస్తుంది. 1998లో అతనికి పద్దెనిమిదేళ్లు. కానీ ఫ్రాన్స్ విమానం ఎక్కేనాటికే లివర్‌పూల్‌లో ఒక సీజన్ మొత్తం ఆడి 18 గోల్స్‌తో ప్రీమియర్ లీగ్ టాప్ స్కోరర్లలో ఒకడయ్యాడు. ఇంత చేసినా కోచ్ హాడిల్ మొదటి రెండు మ్యాచ్‌లు బెంచ్ మీదే కూర్చోబెట్టాడు. రొమేనియా మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గోల్ కొట్టాకే పదకొండు మందిలోకి తీసుకున్నాడు. సెయింట్ ఎటియెన్‌లో అర్జెంటీనా డిఫెండర్లను దాటుకుంటూ వెళ్లి కొట్టిన ఆ గోల్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకు ముందు పది నెలలు వారం వారం పెద్దవాళ్ల డిఫెన్స్‌ల మధ్య పరిగెత్తిన అలవాటు దాని వెనక ఉంది. టాలెంట్ వాల్కాట్‌కూ ఉంది, మొకోకోకూ ఉంది. ఆ సీజన్ వాళ్ల ఖాతాలో లేదు, లేదా సగమే ఉంది.

ఎండ్రిక్ ఖాతాలో ఏముందో చూడాలంటే సావ్ పాలో నుంచి మొదలుపెట్టాలి. 2023 నవంబర్ 1న పాల్మెయిరాస్, లీగ్‌లో ముందున్న బొటఫోగో మీద వాళ్ల గ్రౌండ్‌లో ఆడింది. హాఫ్ టైమ్‌కు 3-0తో వెనకబడింది. సెకండాఫ్ మొదలవగానే ఎండ్రిక్ ఒకటి కొట్టాడు. మధ్యలో బొటఫోగో పెనాల్టీ మిస్ చేసుకుంది. ఆట ముగిసే ముందు ఎండ్రిక్ ఇంకోటి కొట్టాడు, ఆ తర్వాత మరో రెండు పడి మ్యాచ్ 4-3 అయింది. లీగ్ టైటిలే ఆ రాత్రి నుంచి చేతులు మారడం మొదలైంది. పదిహేడేళ్ల పిల్లాడు ఆ టెన్షన్‌లో చూపించింది బాల్‌తో గారడీలు కాదు. గోల్ కొట్టి సంబరం చేసుకోకుండా నెట్‌లోంచి బాల్ తీసుకుని సెంటర్‌కు పరిగెత్తే రకం కసి. ఈ గుణానికి గణాంకాల పట్టికలో గడి ఉండదు గానీ కోచ్‌లు దాన్ని చూస్తారు.

లండన్ వెంబ్లీ స్టేడియంలో కొట్టిన గోల్ అతని ఆటతీరును ఇంకా బాగా చెబుతుంది. 2024 మార్చి 23న ఇంగ్లండ్ మీద 71వ నిమిషంలో దిగాడు. 80వ నిమిషంలో సహచరుడు వినీసియస్ ఒంటరిగా దూసుకెళ్లి షాట్ కొట్టాడు, గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ అడ్డుకున్నాడు, బాల్ బాక్స్‌లోనే ఉండిపోయింది. వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన ఎండ్రిక్ ఖాళీ గోల్‌లోకి తోసేశాడు. చూడ్డానికి చాలా తేలికైన గోల్. కానీ వినీసియస్ కాలికి బాల్ అందిన క్షణంలో ఎండ్రిక్ ఎక్కడున్నాడో రీప్లేలో గమనించాలి. షాట్ గోల్ అవుతుందో లేదో తేలకముందే అతను పరుగు అందుకున్నాడు. స్ట్రైకర్ పనిలో సగం ఇలాంటి వృథా పరుగులే. పదింట్లో తొమ్మిదిసార్లు బాల్ రాదు, పదోసారికి అక్కడ ఉండాలి. మూడు రోజులకే స్పెయిన్ మీద మాడ్రిడ్‌లోని బెర్నబ్యూ స్టేడియంలో ఒకటి, జూన్‌లో టెక్సాస్‌లో మెక్సికో మీద 96వ నిమిషంలో వినీసియస్ క్రాస్‌కు తలతో ఇంకోటి కొట్టాడు. ఎత్తు చూస్తే 173 సెంటీమీటర్లే, కానీ గెంతే సమయం తెలిసినవాడు. ఈ మూడింట్లోనూ సబ్‌స్టిట్యూట్‌గానే దిగాడన్నది పక్కన రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

ఎందుకంటే మొదటి నుంచి ఆడించినప్పుడు ఏమైందో కూడా చూశాం. 2024 కోపా అమెరికా క్వార్టర్ ఫైనల్లో వినీసియస్ సస్పెన్షన్‌లో ఉండటంతో ఉరుగ్వే మీద ఎండ్రిక్‌ను స్టార్ట్ చేయించారు. కోచ్ బీల్సా ఉరుగ్వే జట్టు ఊపిరి తీసుకోనివ్వకుండా మీద పడింది. ఫౌల్స్‌తో ఆట ముక్కలు ముక్కలైంది. బాల్ కాళ్ల దగ్గర పెట్టుకుని, డిఫెండర్‌ను వీపు మీద మోస్తూ, పక్కవాళ్లు వచ్చేదాకా ఆగే పని ఆ రోజు కావాల్సింది. అది ఎండ్రిక్‌కు అప్పటికి రాదు. ఉరుగ్వే పది మందితో మిగిలినా బ్రెజిల్ గోల్ కొట్టలేక 0-0 తర్వాత పెనాల్టీల్లో ఓడింది. తప్పంతా పిల్లాడిదే అనడం అన్యాయం, ఆ రాత్రి బ్రెజిల్‌లో ఎవరూ ఆడలేదు. కానీ ఎండ్రిక్ బలం ఎక్కడ, బలహీనత ఎక్కడ అన్నది అక్కడే తేటతెల్లమైంది.

అసలు ముడి ఆ తర్వాత పడింది. 2024లో మాడ్రిడ్‌కు వెళ్లాడు. అదే వేసవిలో ఎంబాపె కూడా వచ్చాడు. వినీసియస్, రోడ్రిగో ముందే ఉన్నారు. కోచ్ కార్లో ఆంచెలొట్టి. ఎండ్రిక్ మొదటి లీగ్ మ్యాచ్‌లోనే వయ్యడొలిడ్ మీద గోల్ కొట్టాడు. చాంపియన్స్ లీగ్‌లో స్టుట్‌గార్ట్ మీద ఇంజురీ టైమ్‌లో బాల్ తీసుకుని పరిగెత్తాడు. ఒక పక్క వినీసియస్, ఇంకో పక్క ఎంబాపె పాస్ కోసం ఎదురు చూస్తుంటే ఎవరికీ ఇవ్వకుండా బాక్స్ బయట నుంచే కొట్టేశాడు. గోల్ పడింది కాబట్టి ధైర్యం అన్నారు, పడకపోతే ఏమనేవారో ఊహించుకోవచ్చు. కానీ లీగ్ మ్యాచ్‌లు వచ్చేసరికి బెంచే గతి. సీజన్ మొత్తం 37 మ్యాచ్‌ల్లో 7 గోల్స్, అందులో ఐదు స్పెయిన్ కప్ టోర్నీ కోపా డెల్ రేలోనే. సెల్టా మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండు, లెగానెస్ మీద ఒకటి, సెమీస్‌లో రియల్ సొసైడాడ్ మీద రెండు లెగ్‌ల్లో ఒక్కొక్కటి. నమ్మి ఆడించిన టోర్నీలో కొట్టాడు, మిగతా చోట్ల ఐదేసి పదేసి నిమిషాలు ఆడాడు.

2025 మేలో తొడ కండరం గాయంతో సీజన్ ముగిసింది. అదే వేసవి అమెరికాలో క్లబ్ వరల్డ్ కప్. ఎంబాపె కడుపులో ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రి పాలయ్యాడు, ఎండ్రిక్ గాయంతో ఇంట్లో ఉన్నాడు. దాంతో అకాడమీ కుర్రాడు గొంజాలో గార్సియాకు చోటు దక్కింది. నాలుగు గోల్స్ కొట్టి టోర్నీ టాప్ స్కోరర్ అవార్డు తీసుకున్నాడు. ఒకరి కడుపునొప్పి ఇంకొకరికి గోల్డెన్ బూట్ అయింది. కొత్త సీజన్‌లో ఎండ్రిక్ వీపు మీద 9వ నంబర్ చేరింది గానీ కోచ్ షాబి అలోన్సో వరసలో గార్సియా వెనక్కి జారాడు. డిసెంబర్ వచ్చేసరికి ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వరల్డ్ కప్ ఏడాదిలో అలా కూర్చుంటే జరిగేదేమిటో వాల్కాట్ చరిత్రే చెబుతుంది.

ఫ్రాన్స్ క్లబ్ లియాన్‌కు లోన్ మీద వెళ్లడం అందుకే సరైన నిర్ణయం. కాస్త ఆలస్యమైందనే చెప్పాలి, ఆగస్టులోనే వెళ్లాల్సింది. 2026 జనవరి 11న ఫ్రెంచ్ కప్‌లో లీల్ మీద మొదటి మ్యాచ్‌లోనే గోల్, లియాన్ 2-1తో గెలిచింది. జనవరి 25న మెట్జ్ మీద హ్యాట్రిక్, స్కోరు 5-2. మెట్జ్ లీగ్‌లో అడుగున ఉన్న జట్టు కాబట్టి ఆ మూడు గోల్స్ చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. ఇక్కడ గోల్స్ కంటే 90 నిమిషాలు వరసగా ఆడుతున్నాడన్నదే ముఖ్యం. ఓవెన్‌కు పది నెలలు దొరికాయి, ఎండ్రిక్‌కు దొరికింది ఐదు నెలలే. కానీ సున్నాకూ ఐదుకూ మధ్య దూరం, ఐదుకూ పదికీ మధ్య దూరం కంటే ఎక్కువ.

ఇప్పుడు బ్రెజిల్ కోచ్ ఎవరంటే, అతన్ని మాడ్రిడ్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టిన ఆంచెలొట్టే. బ్రెజిల్ క్వాలిఫయర్స్ అత్తెసరుగా సాగాయి. అర్జెంటీనా చేతిలో 4-1తో చిత్తయ్యాక కోచ్ దొరివాల్ జూనియర్‌ను పంపేసి ఆంచెలొట్టిని తెచ్చుకున్నారు. చివరికి దక్షిణ అమెరికాలో ఐదో స్థానంతో గట్టెక్కారు. 2025లో ఆంచెలొట్టి ప్రకటించిన ఏ జాబితాలోనూ ఎండ్రిక్ పేరు లేదు. మొదట గాయం, ఆ తర్వాత క్లబ్‌లో ఆడకపోవడం. దీన్ని పగ అనుకునేవాళ్లు ఆంచెలొట్టిని ఎరగనివాళ్లు. ఈ కుర్రాణ్ని రోజూ ట్రైనింగ్‌లో దగ్గరుండి చూసిన జాతీయ కోచ్ ప్రపంచంలో ఇతనొక్కడే. అది వరమూ కావచ్చు, శాపమూ కావచ్చు. కొత్త కోచ్ అయితే మెట్జ్ హ్యాట్రిక్ చూసి పడిపోయేవాడు, ఇతను పడడు.

పైగా ఆంచెలొట్టి బ్రెజిల్‌లో అసలు సిసలు సెంటర్ ఫార్వర్డ్‌కు చోటే సన్నం. 2025 అక్టోబర్‌లో సియోల్‌లో దక్షిణ కొరియాను 5-0తో, నవంబర్‌లో లండన్‌లో సెనెగల్‌ను 2-0తో ఓడించినప్పుడు ముందున్న నలుగురు ఎస్టెవావ్, కున్యా, రోడ్రిగో, వినీసియస్. వీళ్లలో బాక్స్‌లో కాపు కాసే నంబర్ నైన్ ఎవరూ లేరు, కున్యా వెనక్కి దిగి బాల్ ఆడే రకం. ఎండ్రిక్ కంటే తొమ్మిది నెలలు చిన్నవాడైన ఎస్టెవావ్, పాల్మెయిరాస్ అకాడమీలో తనతో పాటు పెరిగినవాడు, ఆ ఏడాది ఆంచెలొట్టి హయాంలో ఐదు గోల్స్ కొట్టి కుడి వైపును సొంతం చేసుకున్నాడు. స్ట్రైకర్ చోటుకు జొవావ్ పెడ్రో, రిచార్లిసన్, ఇగోర్ జీసస్ పోటీలో ఉన్నారు. ఈ లెక్కన మొదటి పదకొండు మందిలో ఎండ్రిక్‌కు దారి దాదాపు మూసుకుపోయినట్టే.

మరి మిగిలిన దారేది? ఆంచెలొట్టి పాత మ్యాచ్‌లే చెబుతాయి. 2022 మే 4న చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో మాంచెస్టర్ సిటీ మీద మాడ్రిడ్ పని అయిపోయిందనుకున్నాక, బెంచ్ నుంచి వచ్చిన రోడ్రిగో 90వ నిమిషంలో ఒకటి, మరుసటి నిమిషంలో ఇంకోటి కొట్టాడు. 2024 మే 8న మళ్లీ సెమీస్, ఈసారి బయెర్న్. 81వ నిమిషంలో హొసెలును దింపాడు, 88వ నిమిషంలోనూ ఇంజురీ టైమ్‌లోనూ రెండు గోల్స్. ఒకడు ఇరవై ఒక్కేళ్లవాడు, ఇంకొకడు ముప్పై దాటినవాడు, ఇద్దరి పనీ ఒకటే. ఆంచెలొట్టి మొదటి డెబ్భై నిమిషాలు పేరున్నవాళ్లతో ఆట నడిపించి, కాళ్లు బరువెక్కాక బాక్స్‌లో ఆకలిగా తిరిగేవాణ్ని వదులుతాడు. వెంబ్లీలో, టెక్సాస్‌లో ఎండ్రిక్ చేసింది సరిగ్గా ఇదే పని. ఉరుగ్వే మీద అతని చేత చేయించబోయింది ఇంకో పని.

రూల్స్ కూడా ఈసారి బెంచ్ మీదవాళ్ల పక్షానే ఉన్నాయి. 1994లో రొనాల్డో కూర్చున్నప్పుడు మైదానంలో ఆటగాళ్లను ఇద్దర్నే మార్చే వీలుండేది. ఇప్పుడు ఐదుగురు, జట్టులో 26 మంది. జూన్, జూలైల్లో అమెరికా ఎండ సంగతి అక్కడున్న మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రతి హాఫ్ మధ్యలో మూడు నిమిషాలు నీళ్ల విరామం ఇస్తామని ఫిఫా ముందే చెప్పింది. సెకండాఫ్ విరామం పడేది 70వ నిమిషం చుట్టుపక్కల. కోచ్ అందర్నీ పక్కకు పిలిచి ఆట మార్చుకోవడానికి అదే అదను. అలసిన డిఫెండర్ల మీదకు తాజా కాళ్లను వదలడానికి అంతకంటే మంచి ఘడియ ఉండదు.

బ్రెజిల్ నంబర్ నైన్ జెర్సీకి ఒక చరిత్ర ఉంది, అది కుర్రాళ్ల పాలిట శాపంలా తయారైంది. 2002లో రొనాల్డో ఎనిమిది గోల్స్ తర్వాత ఆ దేశానికి కప్పు లేదు. 2014లో ఫ్రెడ్ సొంత గడ్డ మీద ఒకే ఒక్క గోల్ కొట్టి ఈలలు తిన్నాడు. 2018లో ఇరవై ఒక్కేళ్ల గాబ్రియెల్ జీసస్ ఐదు మ్యాచ్‌లూ స్టార్ట్ చేసి ఒక్కటీ కొట్టలేదు. అతని పరుగులు మిగతావాళ్లకు ఖాళీలు తెచ్చాయని కోచ్ టిటె ఎంత సమర్థించినా జనం వినలేదు. 2022లో రిచార్లిసన్ మూడు కొట్టాడు, సెర్బియా మీద గాల్లోకి లేచి కొట్టిన సిజర్ కిక్ ఆ టోర్నీకే అందమైన గోల్. అయినా క్రొయేషియాతో పెనాల్టీల్లో ఇంటికే. జీసస్ మోసిన బరువు పంతొమ్మిదేళ్లవాడి మీద పెట్టకపోవడం ఎండ్రిక్‌కే మంచిది.

ఇక గ్రూప్. మొరాకో, హైతీ, స్కాట్లండ్. 1998లో కూడా మొరాకో, స్కాట్లండ్ బ్రెజిల్ గ్రూప్‌లోనే ఉన్నాయి, రెంటినీ ఓడించింది. ఇప్పటి మొరాకో వేరు. 2022 సెమీఫైనలిస్ట్, 2023 మార్చిలో టాంజియర్‌లో బ్రెజిల్‌నే 2-1తో ఓడించిన జట్టు. న్యూజెర్సీలో ఆ మ్యాచ్ మన టైమ్ ప్రకారం జూన్ 14 తెల్లవారుజామున. అందులో ఎండ్రిక్ ఆడితే బ్రెజిల్ వెనకబడ్డట్టే లెక్క. హైతీ మీద ఫిలడెల్ఫియాలో మ్యాచ్ అతనికి అసలైన కిటికీ. 1974 తర్వాత మొదటిసారి వరల్డ్ కప్‌కు వస్తున్న జట్టది. బ్రెజిల్ ముందుగా రెండు కొట్టేస్తే ఆంచెలొట్టి వినీసియస్‌ను కూర్చోబెట్టి అరగంట ఇవ్వొచ్చు. మయామీలో స్కాట్లండ్ బాక్స్ ముందు గోడ కట్టి నిలబడుతుంది. పైనుంచి వచ్చే క్రాస్‌లకు వాళ్ల డిఫెండర్లు భయపడరు, రీబౌండ్ వెంట పడే పొట్టివాడికి మాత్రం భయపడాలి.

అంచనా చెప్పాల్సొస్తే, లియాన్‌లో గాయం లేకుండా మే దాకా ఆడితే 26 మందిలో పేరు ఉంటుంది. స్టార్ట్ చేసే మ్యాచ్ ఒకటి దొరికితే గొప్ప. గోల్డెన్ బూట్ మాట మరిచిపోవచ్చు. ఒకటి రెండు గోల్స్, అవి కూడా 75వ నిమిషం తర్వాత, అన్నది అతిశయం లేని లెక్క. గ్రూప్‌లో మొదటి స్థానం వస్తే హ్యూస్టన్‌లో నెదర్లాండ్స్, జపాన్ ఉన్న గ్రూప్ రెండో జట్టు ఎదురవుతుంది. జపాన్ 2025 అక్టోబర్‌లో టోక్యోలో రెండు గోల్స్ వెనకబడి కూడా బ్రెజిల్‌ను 3-2తో ఓడించింది. ఆ మ్యాచ్ 1-1తో ఎనభై నిమిషాలు దాటితే ఆంచెలొట్టి బెంచ్ వైపు తిరుగుతాడు. అప్పుడు కున్యా చోటులో దింపడానికి ముగ్గురు సెంటర్ ఫార్వర్డ్‌లు ఉంటే, ముందు లేవమనేది ఎవర్ని అన్నది ఫిబ్రవరి నుంచి మే దాకా ఫ్రాన్స్‌లో తేలుతుంది.